యూఎస్‌బీ ఐసోలేటర్ బోర్డు: ఎనిమిది నెలలు వాడాక

మా అన్నయ్య లాప్‌టాప్‌లో ఒక యూఎస్‌బీ పోర్టు నా వల్ల కాలిపోయాక కొన్నాను ఈ బోర్డుని. యూఎస్‌బీ కేబుల్ మధ్యలో పెడితే, రెండు వైపులకీ తీగ సంబంధం లేకుండా డేటా మాత్రం దాటిస్తుంది ఇది, ఐసోలేషన్ అంటే అదే. అప్పుడు పెన్ ప్లాటర్ కడుతున్నాను. కాగితం మీద పెన్నుతో బొమ్మలు గీసే యంత్రం అది. కొద్దికొద్దిగా అడుగులు వేస్తూ తిరిగే నీమా 17 స్టెప్పర్ మోటార్లు రెండు, వాటిని నడిపే ఏ4988 డ్రైవర్ బోర్డులు రెండు, ఆర్డుయినో యునో అనే చిన్న కంట్రోలర్ బోర్డు మీద జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రామ్, మోటార్లకి విడిగా 12 వోల్టుల సప్లై. బొమ్మ లాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ కేబుల్ మీదుగా లైను తర్వాత లైనుగా యునోకి వెళ్తుంది. నా లాప్‌టాప్ పాతది, బాగా నెమ్మది. అందుకని అన్నయ్యది రెండు రోజులకని అడిగి తెచ్చుకున్నాను. రెండో రోజు సాయంత్రం బొమ్మ సగంలో ఉండగా మోటార్లు ఒక్కసారి గరగరమని ఆగాయి. కేబుల్ వైపు నుంచి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఆ పోర్టు మళ్లీ పని చెయ్యలేదు. అన్నయ్యకి ఫోన్ చేసి చెప్తే "చేతికేం కాలేదు కదా?" అని అడిగాడు, అంతే. ఒక్క మాట అనలేదు. దాంతో నాకు ఇంకా బాధగా అనిపించింది.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి మూడు రోజులు పట్టింది. 12 వోల్టుల సప్లై నుంచి మోటార్ డ్రైవర్లకి వెళ్లే మైనస్ తీగ స్క్రూ టెర్మినల్లో వదులైంది. మోటార్లు కదిలినప్పుడు వచ్చే అదురుకి మెల్లగా ఊడిపోయింది. మైనస్ ఊడితే మోటార్లు ఆగిపోతాయి, అంతే కదా అనుకుంటాం. కానీ ప్లస్ ఇంకా తగిలే ఉంది, ఆ కరెంటు ఎలాగైనా సప్లై మైనస్‌కి తిరిగి చేరాలి. ఏ4988 బోర్డు మీద మోటార్ గ్రౌండు (మోటార్ పవర్ మైనస్), లాజిక్ గ్రౌండు (సిగ్నళ్ల వైపు మైనస్) ఒకటే. లాజిక్ గ్రౌండు యునోకి తగిలి ఉంది, యునో గ్రౌండు యూఎస్‌బీ కేబుల్లోని సన్నటి తీగ మీదుగా లాప్‌టాప్‌కి, లాప్‌టాప్ గ్రౌండు మూడు పిన్నుల చార్జర్ మీదుగా ఎర్త్‌కి. నా 12 వోల్టుల సప్లై మైనస్‌ని దాని ఇనప పెట్టెకి, అంటే ఎర్త్‌కి, నేనే కలిపాను, అలా ఉంటే మంచిదని ఎక్కడో చదివి. అంటే రాజమార్గం మూసుకుపోగానే మోటార్ కరెంటుకి లాప్‌టాప్ లోపల్నుంచి ఒక దొడ్డిదారి సిద్ధంగా ఉంది. డేటా కోసం పెట్టిన కేబుల్లో మోటార్ కరెంటు పారింది.

రెండు పరికరాలకి విడివిడిగా పవర్ ఉన్నప్పుడు "గ్రౌండ్లు కలపండి" అని ప్రతివాళ్లూ చెప్తారు. నిజమే, సిగ్నల్ ఎన్ని వోల్టులో కొలవాలంటే రెండింటికీ ఉమ్మడిగా ఒక సున్నా కావాలి. గ్రౌండు కలపకుండా టీఎక్స్, ఆర్‌ఎక్స్ తీగలు (డేటా పంపేది, అందుకునేది) మాత్రమే కలిపితే అవతల చెత్త అక్షరాలు వస్తాయి, లేదా ఏమీ రాదు. కానీ గ్రౌండు తీగ కూడా తీగే, అందులోనూ కరెంటు పారుతుంది, ఎంత పారాలో దానికి ఎవరూ చెప్పరు. ఆ తీగ వెయ్యకుండానే డేటా పంపే పద్ధతి కోసం వెతికితే ఈ బోర్డు దొరికింది.

బోర్డు పొడవు వేలంత. ఒక చివర కంప్యూటర్‌కి వెళ్లే యూఎస్‌బీ సాకెట్, రెండో చివర పరికరానికి వెళ్లేది. మధ్యలో ఏడీయూఎం3160 చిప్, దాని పక్కన నల్లటి దీర్ఘచతురస్రంగా బీ0505ఎస్ అనే డీసీ-డీసీ కన్వర్టర్, ఒక చిన్న స్విచ్, రెండు ఎల్ఈడీలు. చిప్ ఎనలాగ్ డివైసెస్ వాళ్లది. దాని లోపల కంటికి కనపడనంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, రెండు చుట్ల మధ్య పాలీఇమైడ్ పొర. డేటా ఆ పొరని అయస్కాంత క్షేత్రంగా దాటుతుంది, కరెంటుగా కాదు. యూఎస్‌బీలో ఒకే జత తీగల మీద రెండు వైపులకీ మాట్లాడుకోవాలి, ఎవరి వంతు ఎప్పుడో చిప్ కనిపెట్టుకుంటూ ఉండాలి. అందుకే నాలుగు ఆప్టో కప్లర్లు (సిగ్నల్‌ని వెలుగుగా మార్చి దాటించే చిప్‌లు) పెట్టి ఇంట్లో కట్టేసుకునే పని కాదిది. కన్వర్టర్ పని ఇంకోటి: కంప్యూటర్ ఇచ్చే 5 వోల్టుల్ని తన ట్రాన్స్‌ఫార్మర్ గుండా అవతలికి పంపి, అక్కడ ఇవతలితో సంబంధం లేని కొత్త 5 వోల్టులు తయారు చెయ్యడం. దాని శక్తి 1 వాట్, అంటే 200 మిల్లీఆంపియర్లు. యునో ఒక్కదానికి 50 దాకా చాలు కాబట్టి నాకు ఇబ్బంది లేదు. కానీ పెన్ను ఎత్తే సర్వో మోటార్‌ని దీని మీద నడుపుదాం అనుకోకండి. అది పైకి లేచే క్షణంలో ఎక్కువ లాగుతుంది, వోల్టేజీ కూలుతుంది, యునో రీసెట్ అవుతుంది. నేను సర్వోకి 12 వోల్టుల నుంచి వేరే రెగ్యులేటర్ (వోల్టేజీ తగ్గించి నిలకడగా ఇచ్చేది) పెట్టాను.

బోర్డు మీద తయారీదారు పేరు లేదు. రెండు తెప్పించుకున్నాను, ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందని. కాలిన పోర్టు గుర్తుంది కాబట్టి వేటికీ కరెంటు ఇవ్వకముందే మల్టీమీటర్ తీశాను. రెండు చోట్ల మధ్య తీగ సంబంధం ఉంటే మీటర్ బీప్ అంటుంది. ఇవతలి (కంప్యూటర్ వైపు) గ్రౌండు నుంచి అవతలి (పరికరం వైపు) గ్రౌండుకి బీప్ చూశాను, రెండు బోర్డుల్లోనూ రాలేదు. అక్కడితో ఆపేసి ఉండొచ్చు. కానీ ఎందుకో ఇవతలి నాలుగు పిన్నుల్లో ప్రతిదాన్నీ అవతలి నాలుగు పిన్నులతోనూ చూశాను, మొత్తం పదహారు సార్లు. రెండో బోర్డులో ఇవతలి 5 వోల్టుల పిన్నుకీ అవతలి గ్రౌండుకీ మధ్య బీప్ వచ్చింది. భూతద్దం పెట్టి చూస్తే కన్వర్టర్ కాళ్ల మధ్య ఆవగింజలో సగం ఉన్న సోల్డర్ బొట్టు. గ్రౌండు నుంచి గ్రౌండుకి మాత్రమే చూసి ఉంటే అది దొరికేదే కాదు. ఐసోలేషన్ ఉందని నమ్మి, 5 వోల్టుల తేడాతో రెండు యంత్రాల్ని నేరుగా కలిపేసి ఉండేదాన్ని. అమ్మినవాళ్లకి ఫొటో పంపాను, జవాబు రాలేదు. సోల్డర్‌ని పీల్చుకునే రాగి అల్లికతో (సోల్డర్ విక్) బొట్టు నేనే తీసేశాను, తర్వాత అదీ బాగానే పని చేసింది. అయినా ఒక్కటి అడుగుతాను: ఐసోలేషన్ కోసమే అమ్మే వస్తువుని పంపేముందు ఐసోలేషన్ ఉందో లేదో చూడకపోతే ఎలా?

ఆ బొట్టు వల్లే ఇంకో సంగతి గమనించాను. చిప్‌కి రెండు వరసల కాళ్ల మధ్య దాదాపు 8 మిల్లీమీటర్ల ఎడం ఉంది. కన్వర్టర్ కాళ్లు నాలుగూ ఒకే వరసలో, ఒక్కొక్కటి 2.54 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. మధ్య రెండు కాళ్లలో ఒకటి ఇవతలిది, ఒకటి అవతలిది. సోల్డర్ ప్యాడ్లు తీసేస్తే మిగిలే ఖాళీ ఇంకా తక్కువ. అమ్మే పేజీలో పెద్ద అక్షరాల్లో 2500 వోల్టులని ఉంది, అది చిప్ డేటాషీట్లోని (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలోని) ఒక నిమిషం పరీక్ష అంకె. ఈ రకం కన్వర్టర్లకి సాధారణంగా రాసి ఉండేది 1000, లేదా 1500 డీసీ వోల్టులు. బోర్డు బలం అంటే అందులో అన్నిటికంటే బలహీనమైన చోటి బలమే. నా 12 వోల్టుల పనికి ఇది ఎక్కువే. కానీ ఈ అంకె చూసి ఎవరైనా మెయిన్స్ కరెంటుకి (గోడ ప్లగ్గులో వచ్చేదానికి) తగిలి ఉన్న సర్క్యూట్‌ని దీని గుండా లాప్‌టాప్‌కి కలుపుతారేమోనని నాకు నిజంగా భయం. దయచేసి ఆ పని చెయ్యకండి. మెయిన్స్ కొలతలకి ఎడాలు లెక్కగా పాటించి, పరీక్షలు జరిపి, సర్టిఫై చేసిన పరికరాలు వేరే ఉంటాయి. ఇది బల్ల మీద తక్కువ వోల్టుల పనికే.

తర్వాత, అవతలి వైపు ఏమీ తగిలించకుండా వోల్టేజీ కొలిస్తే 5.6 వచ్చింది. మొదట కంగారుపడ్డాను. ఈ కన్వర్టర్లో రెగ్యులేషన్ లేదు, లోడ్ తక్కువైతే వోల్టేజీ పైకి పోతుంది, కనీసం పదోవంతు లోడ్ ఉండాలని దాని డేటాషీటే చెప్తుంది. యునోలోని ప్రధాన చిప్ ఏటీమెగా328పీ పని చేసే హద్దు 5.5 వోల్టులు. 6 వోల్టులు అసలు దాటకూడదు. యునో తగిలిస్తే 5.1కి దిగింది కాబట్టి సమస్య లేదు గానీ, చాలా తక్కువ కరెంటు తీసుకునే బోర్డులకి ఆలోచించాల్సిందే. నేను అవతలి 5 వోల్టులకీ గ్రౌండుకీ మధ్య 220 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా సోల్డర్ చేశాను. 23 మిల్లీఆంపియర్ల దాకా అది తాగుతుంది, ఏమీ తగిలించకపోయినా వోల్టేజీ 5.2 దాటట్లేదు. కాస్త వెచ్చబడుతుంది, అంతే.

బోర్డుకి నాలుగు మూలలా స్క్రూ రంధ్రాలున్నాయి. ప్లాటర్ కింద అల్యూమినియం పలక ఉంది, ఇత్తడి స్టాండ్‌ఆఫ్‌లతో (బోర్డుని ఎత్తి పట్టే చిన్న స్తంభాలు) దానికి బిగిద్దామనుకున్నాను. బిగించేముందు మళ్లీ మీటర్. నా బోర్డులో ఇవతలి రెండు రంధ్రాల చుట్టూ ఉన్న రాగి ఇవతలి గ్రౌండుకి, అవతలి రెండూ అవతలి గ్రౌండుకి కలిపి ఉన్నాయి! ఆ లోహపు పలక మీద నాలుగు స్క్రూలు బిగిస్తే చిప్, కన్వర్టర్, వాటి మధ్య కోసిన గాడి, అంతా వృథా. నైలాన్ స్క్రూలు, నైలాన్ స్టాండ్‌ఆఫ్‌లు వాడాను. సాకెట్ల లోహపు తొడుగులు కూడా అల్యూమినియంకి తగలకుండా పది మిల్లీమీటర్ల ఎత్తులో పెట్టాను. ఈ విషయం బోర్డుతో వచ్చిన కాగితంలో ఉండాలి. అసలు కాగితమే రాలేదు.

ఇన్ని చేశాక వాడడం మొదలుపెడితే, మొదటి రోజే తేడా తెలిసింది. అంతకుముందు మోటార్లు గట్టిగా తిరిగినప్పుడు నాలుగైదు బొమ్మలకి ఒకసారి సీరియల్ కనెక్షన్ తెగిపోయేది, బొమ్మ సగంలో పాడయ్యేది. కేబుల్ మార్చాను, కేబుల్లో గోల తగ్గించే ఫెర్రైట్ పూస వేశాను, పోర్టు మార్చాను. ఐసోలేటర్ పెట్టాక మొదట్లో 115200 బాడ్ (సెకనుకి అన్ని బిట్లు) దగ్గర కనెక్షన్ ఒక్కసారి కూడా తెగలేదు. ఒక బొమ్మ ఆరు గంటలు గీసింది. యునో కనెక్ట్ అవగానే రీసెట్ అవడం, అప్‌లోడ్ చెయ్యడం అన్నీ మామూలుగానే ఉన్నాయి. కంప్యూటర్ దృష్టిలో మధ్యలో ఏదీ ఉన్నట్టే లేదు.

ఇంకో పరీక్ష చెయ్యకుండా ఉండలేకపోయాను. నా పాత లాప్‌టాప్ పెట్టి, అన్ని పవర్లూ ఆపి, ఆ రోజు ఊడిన మైనస్ తీగనే విప్పి, మళ్లీ పవర్ ఇచ్చాను. చేతులు కొంచెం వణికాయి. మోటార్లలో పట్టు రాలేదు, షాఫ్ట్ చేత్తో తిప్పితే తిరిగింది. యూఎస్‌బీ కేబుల్లో ఏమీ పారలేదు, లాప్‌టాప్‌కి ఏమీ తెలియలేదు. తీగ వదులైతే యంత్రం ఊరికే ఆగిపోవాలి, నేను కోరుకున్నది అంతే. ఆ క్షణంలో పోర్టు కాలిన రోజు వాసన గుర్తొచ్చి, బోర్డు మీద ప్రేమ పుట్టింది.

కానీ ఆ తర్వాత రెండో వారంలో మళ్లీ కనెక్షన్ తెగడం మొదలైంది. బోర్డు పాడైందనుకున్నాను. ఇవతలి అవతలి పిన్నులు మళ్లీ పదహారు సార్లు చూశాను, అన్నీ విడిగానే ఉన్నాయి. కారణం బల్ల మీదే ఉంది. లిమిట్ స్విచ్ (పెన్ను చివరిదాకా వెళ్లిందని చెప్పేది) సిగ్నల్ ఎలా ఉందో చూడడానికి ఎనిమిది ఛానెళ్ల లాజిక్ ఎనలైజర్ పెట్టాను, సిగ్నళ్లని కంప్యూటర్లో చూపించే పరికరం అది. దాని గ్రౌండు క్లిప్ యునో గ్రౌండుకి, దాని యూఎస్‌బీ కేబుల్ అదే లాప్‌టాప్‌కి. ఐసోలేటర్ ఒక తలుపు గట్టిగా వేసి ఉంచింది, నేను పక్క కిటికీ తీసిపెట్టాను. దొడ్డిదారి మళ్లీ తెరుచుకుంది.

ఈ బోర్డు కొనేవాళ్లు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం. ఇది తన గుండా వెళ్లే కేబుల్‌ని మాత్రమే విడదీస్తుంది, మీ రెండు యంత్రాల్ని కాదు. వాటి మధ్య ఇంకే లోహం ఉన్నా, అది ప్రోబ్ క్లిప్ కావచ్చు, ఆడియో కేబుల్ కావచ్చు, హెచ్‌డీఎంఐ తొడుగు కావచ్చు, మోటార్ ఫ్రేమ్ మీద ఆనించిన లాప్‌టాప్ ఇనప అడుగు కావచ్చు, విడదీయడం అక్కడితో అయిపోతుంది. మెయిన్స్ మీద నడిచే ఆసిలోస్కోపుల్లో (సిగ్నల్ ఆకారం చూపే పరికరాల్లో) చాలావాటి గ్రౌండు క్లిప్ నేరుగా ఎర్త్‌కి కలిసి ఉంటుంది, అది పెట్టిన చోటల్లా ఎర్త్ పెట్టినట్టే. ఇప్పుడు నేను యంత్రం నడిపేముందు బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, యంత్రం నుంచి బయటికి వచ్చే ప్రతి తీగనీ వేలితో చివరిదాకా పట్టుకుని చూస్తాను.

ఎనలైజర్‌ని కూడా ఇంకో ఐసోలేటర్ గుండా పెడదామని రెండో బోర్డు తీశాను. అక్కడ దీని పెద్ద లోపం బయటపడింది. ఏడీయూఎం3160 నడిచేది 1.5 మెగాబిట్ల లో స్పీడ్‌లో, లేదా 12 మెగాబిట్ల ఫుల్ స్పీడ్‌లో. యూఎస్‌బీ 2.0 హై స్పీడ్ అంటే 480 మెగాబిట్లు, అది దీని గుండా రాదు. ఎనలైజర్ సెకనుకి 2.4 కోట్ల సార్లు ఎనిమిది ఛానెళ్లని చదివితే 192 మెగాబిట్లు పంపాలి. కాబట్టి కుదరలేదు. అమ్మే పేజీలో "హై స్పీడ్" అని రాసి ఉంది, అది తప్పు మాట. కెమెరాలకి, పెన్ డ్రైవులకి, ఎనలైజర్లకి ఈ బోర్డు కొనకండి. ఆర్డుయినోలు, యూఎస్‌బీ-సీరియల్ కేబుళ్లు, సంగీతానికి వాడే మిడీ కీబోర్డుల వంటి ఫుల్ స్పీడ్ వస్తువులకి బాగుంటుంది. హై స్పీడ్ కావాలంటే ఎనలాగ్ డివైసెస్‌లోనే ఏడీయూఎం4166, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఐఎస్ఓయూఎస్‌బీ211 చిప్‌లున్నాయి, వాటితో చేసిన బోర్డులు చూడండి. ప్రస్తుతానికి ఎనలైజర్ వాడాల్సినప్పుడు లాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడుపుతున్నాను. అప్పుడు లాప్‌టాప్ నుంచి ఎర్త్‌కి దారే ఉండదు.

స్పీడ్ స్విచ్ గురించి ఒక మాట. ఫుల్, లో అని రెండు స్థానాలు. యునోకి ఫుల్, పాత మౌస్‌లూ కీబోర్డులకి చాలావరకు లో. తప్పు స్థానంలో ఉంటే కంప్యూటర్‌కి పరికరం కనపడదు, పాడైనట్టు అనిపిస్తుంది. కేబుల్ తీసి, స్విచ్ మార్చి, మళ్లీ పెట్టాలి.

నాలుగో నెలలో లాప్‌టాప్ బదులు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టాలనుకున్నాను, ప్లాటర్ ఎప్పుడూ ఒక్కచోటే ఉంటుంది కాబట్టి. రాస్ప్‌బెర్రీ పైకి జీపీఐఓ పిన్నుల (తీగలు నేరుగా తగిలించే పిన్నుల) మీదే సీరియల్ ఉంది కదా, యూఎస్‌బీ ఎందుకు, రెండు తీగలు చాలు అనిపించింది. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టులు తట్టుకోవు. యునో 5 వోల్టులు పంపుతుంది. అందుకని రెండు వోల్టేజీల మధ్య సిగ్నల్‌ని మార్చే లెవెల్ షిఫ్టర్ బోర్డు తెచ్చాను, అందులో బీఎస్ఎస్138 మాస్‌ఫెట్లు (స్విచ్‌లా పని చేసే ట్రాన్సిస్టర్లు) ఉంటాయి. అది తెచ్చేలోపు ఒక రోజు రాస్ప్‌బెర్రీ పై నుంచి యునోకి వెళ్లే తీగ ఒక్కటీ, గ్రౌండూ కలిపి చూశాను, ఆ దిశలో 3.3 వోల్టులే వెళ్తాయి కాబట్టి. యునోకి పవర్ ఇవ్వలేదు. అయినా యునో మీద పవర్ ఎల్ఈడీ మసకగా వెలిగింది.

ఇది చాలామంది చూసే ఉంటారు, చూసి వదిలేసి ఉంటారు. ఏటీమెగా ప్రతి పిన్నుకీ లోపల ఒక రక్షణ డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) 5 వోల్టుల లైన్ వైపు ఉంటుంది. చిప్‌కి పవర్ లేనప్పుడు పిన్ను మీద 3.3 వోల్టులు పెడితే ఆ డయోడ్ గుండా కరెంటు లోపలికి పోయి మొత్తం బోర్డుకి పవర్ ఇవ్వాలని చూస్తుంది. అంటే రాస్ప్‌బెర్రీ పై పిన్ను ఒక్కటే యునో అంతటినీ మోస్తోంది. ఆ డయోడ్ గుండా 1 మిల్లీఆంపియర్ దాటనివ్వొద్దని ఏటీమెగా తయారీదారు అప్లికేషన్ నోటులోనే ఉంది. లెవెల్ షిఫ్టర్ వచ్చాక అది పోతుందనుకున్నాను. తగ్గింది, పోలేదు: పవర్ లేని యునో 5 వోల్టుల లైన్ మీద మీటర్ ఇంకా 1.8 చూపించింది. మాస్‌ఫెట్ లోపలి బాడీ డయోడ్ 3.3 వైపు నుంచి 5 వైపుకి ముఖం పెట్టి ఉంటుంది, అవతల పవర్ లేకపోతే అదే దారి ఇస్తుంది. లెవెల్ షిఫ్టర్ వోల్టేజీ తేడాని సర్దుతుంది, ఒకటి ఆన్‌లో ఒకటి ఆఫ్‌లో ఉన్న పరిస్థితిని కాదు. ఆ తీగలో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే కరెంటు అర మిల్లీఆంపియర్ దగ్గరికి దిగుతుంది, చిన్న ప్రాజెక్టుకి అది చాలు. నేను మాత్రం ఆ తీగలు తీసేసి, రాస్ప్‌బెర్రీ పై యూఎస్‌బీ నుంచి ఐసోలేటర్ మీదుగానే యునోకి వెళ్లాను. ఇలా పెడితే రాస్ప్‌బెర్రీ పై ఆన్ అయితే యునో ఆన్, ఆఫ్ అయితే ఆఫ్. సగం వెలిగే స్థితే లేదు.

మధ్యలో పీసీ817 ఆప్టో కప్లర్ల మాడ్యూల్ కూడా పరీక్షించాను. సీరియల్‌కి అది పనికి రాలేదు. 115200 బాడ్ దగ్గర ఒక్కో బిట్ 8.7 మైక్రోసెకన్లు. మాడ్యూల్లో ఉన్న పెద్ద రెసిస్టర్లతో పీసీ817 ఆఫ్ అవడానికే అంతకంటే ఎక్కువ సమయం తీసుకుంటోంది. 6ఎన్137 వంటి వేగమైనవి అయితే కుదురుతుంది. ఆ మాడ్యూల్ని పారెయ్యలేదు, లిమిట్ స్విచ్‌లకి పెట్టాను, అక్కడ అద్భుతంగా పని చేస్తోంది. ఆప్టో కప్లర్లంటే నాకు గౌరవం ఉంది. 1983లో వచ్చిన మిడీ ప్రమాణంలోనే, ఎవరి పవర్ వాళ్లదైన సింథసైజర్లని కలపడానికి, అందుకునే వైపు ఆప్టో కప్లర్ తప్పనిసరి చేశారు. కేబుల్ షీల్డ్‌ని పంపే వైపు మాత్రమే గ్రౌండుకి కలపాలని, అందుకునే వైపు వదిలేయాలని కూడా రాశారు. 31250 బాడ్, బిట్‌కి 32 మైక్రోసెకన్లు. స్టేజీ మీద ఎవరు ఏది ఎక్కడ తగిలించినా ఏదీ కాలకూడదని ముందే ఆలోచించారు వాళ్లు. నా ప్లాటర్ కట్టే ముందు నేను ఆ పద్ధతి చదివి ఉంటే బాగుండేది.

ఐసోలేటర్ లేకుండా రెండు యంత్రాలు కలిపేవాళ్లకి ఒక్క మాట. రెండు పిన్నుల చార్జర్ ఉన్న లాప్‌టాప్ లోహం తాకితే ఒక్కోసారి సన్నగా జిల్లుమంటుంది. చార్జర్ లోపలి చిన్న కెపాసిటర్ వల్ల, ఎర్త్‌తో పోలిస్తే మెయిన్స్ వోల్టేజీలో సగం దాకా అక్కడ తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ, మనిషికి ఏమీ కాదు, కానీ సిగ్నల్ తీగ ముందు తగిలితే ఆ వోల్టేజీ మొత్తం చిప్ పిన్ను మీదే ఖాళీ అవుతుంది. యూఎస్‌బీ ప్లగ్గులో గ్రౌండు, పవర్ పిన్నులు డేటా పిన్నుల కంటే పొడుగ్గా చేసింది ఇందుకే, గ్రౌండు ముందు తగలాలని. జంపర్ తీగలకి ఆ ఏర్పాటు లేదు. రెండింటి పవర్ ఆపి కలపండి. ఆపలేకపోతే గ్రౌండు ముందు కలిపి, తీసేటప్పుడు గ్రౌండు చివర తియ్యండి.

ఒకే సప్లై మీద నడిచే రాస్ప్‌బెర్రీ పై, ఒక సెన్సర్, అంతే ఉన్నవాళ్లకి ఈ బోర్డు అవసరం లేదు, మంచి గ్రౌండు తీగ చాలు. మోటార్లు, రిలేలు, వేరే సప్లై, ఇంకొకరి కంప్యూటర్ వీటిలో ఏ రెండు ఉన్నా కొనమని గట్టిగా చెప్తాను. ఐదు చుక్కల్లో నాలుగు ఇస్తున్నాను. ఒక చుక్క తీసింది సోల్డర్ బొట్టుకి, రంధ్రాల గురించి చెప్పనందుకు, పేజీలో రాసిన హై స్పీడ్ మాటకి. మూడింటికీ కలిపి ఒకటే తీశాను, ఎందుకంటే తన అసలు పని ఒక్కసారి కూడా తప్పలేదు.

పోయిన ఆదివారం అన్నయ్య వచ్చాడు, తన లాప్‌టాప్ తెచ్చాడు. పాపకి గీసిన కోట బొమ్మని ప్లాటర్ మీద పెద్దగా గీయించాలట. నేను రాస్ప్‌బెర్రీ పై మీంచే గీస్తానంటే "ఇది వాడు, బాగానే ఉంది" అని కాలిన పోర్టు పక్క పోర్టు చూపించాడు. ఆయన ముందే పదహారు పిన్నుల జతలూ మీటర్‌తో చూశాను, ఎనలైజర్ క్లిప్ తీసేశాను, మైనస్ స్క్రూ బిగించాను. కేబుల్ ఆయనే పెట్టాడు. రెండు గంటల నలభై నిమిషాలు గీసింది, మేం ఇద్దరం పక్కనే కూర్చున్నాం.